రాక్షసుడికి ముద్దుపేరు

సుచరితా లాహిరి ఆ ఉదయం వేసుకున్న పథకం చాలా చిన్నది. టీ తాగడం, కథకి చివరి పేజీ రాయడం, పన్నెండింటికల్లా పత్రిక దుర్గాపూజ ప్రత్యేక సంచికకు పంపడం, ఆపైన వంటమనిషి బాసంతి ఆవ పెట్టి వండే ఇలిష్ చేపతో అన్నం తిని పడుకోవడం. ముప్పై ఏళ్ళుగా ఆవిడ రాసే రాక్షసుల కథలు లేకుండా కలకత్తా పిల్లలకి పూజ సెలవులు గడవలేదు. ఈసారి మాత్రం సంపాదకుడు త్రిదిబ్ బాబు ఖరాఖండిగా చెప్పేశాడు.

"పన్నెండు దాటిందా, మీ చోట్లో కొత్త కుర్రాడి కథ వేసేస్తాను, దీదీ."



రాసింది బిగ్గరగా చదువుకోవడం సుచరిత అలవాటు. బాగ్‌బజార్ సందులో చెయ్యి చాపితే ఎదురింటి కిటికీ అందుతుంది. అందుకని అచ్చు కాకముందే కథ వీధంతా తెలిసిపోతుంది. "నలభై చేతుల ఘోంటూ రాక్షసుడు పిల్లిని చూస్తే వణుకుతాడు, రసగుల్లాలు దొంగిలిస్తాడు, నిద్రలో పక్క తడుపుతాడు..." అని చదివిందో లేదో, తలుపు దబదబా మోగింది.

ఎదురింటి రిటైర్డు జడ్జి బాగ్చీగారు! ముఖం కందగడ్డలా ఉంది.

"నా ముద్దుపేరు మీకెవరు చెప్పారు? మా అమ్మ పోయాక నన్నలా పిలిచే దిక్కే లేదు! అయినా పక్క తడపడం నేను ఆరో ఏటే మానేశాను!"

ఇంట్లో పిలుచుకునే పేరు గడప దాటిందంటే ఆ వీధిలో పెద్దమనిషి పరువు పోయినట్టే. సుచరిత లెంపలేసుకుని, 'ఘోంటూ' కొట్టేసి, తోచిన పేరు 'హాబ్లా' రాసి మళ్ళీ చదివింది. ఐదు నిమిషాల్లో పక్కింటి డాక్టర్ చౌధురి, మెడలో స్టెతస్కోపుతోనే ఊడిపడ్డాడు.

"హాబ్లా అని నన్ను మా నాయనమ్మ పిలిచేదండీ! ఆ పిల్లి సంగతి మా ఆవిడక్కూడా తెలీదు, మీకెలా తెలిసింది?"

వంటింట్లో బాసంతి నవ్వాపుకోలేక గరిటె జారవిడిచింది.

"మీ ముద్దుపేరే పెట్టేయండి దీదీ! అప్పుడెవరొస్తారో చూద్దాం."

పదకొండున్నర. సుచరిత కళ్ళు మూసుకుని 'బుల్టీ' అని రాసేసింది. రసగుల్లాల దొంగతనం కూడా, నిజం చెప్పాలంటే, ఆవిడదే. గొంతెత్తి చదవగానే మళ్ళీ తలుపు మోగింది. ఈసారి ఇద్దరూ కలిసి వచ్చారు.

"నా పేరెందుకు తీసేశారు?" అని అడిగారు జడ్జిగారు. "నా దగ్గరికే రాని మనవరాలు ఇందాక 'ఘోంటూ తాతా' అంటూ మెడ పట్టుకుని వేలాడింది. నలభై ఏళ్ళకి ఆ పేరు విన్నాను, సుచరితాదేవిగారూ."

"పిల్లి సంగతి తెలిసి మా ఆవిడ పగలబడి నవ్విందండీ," అన్నాడు డాక్టరు. "పెళ్ళయ్యాక ఆవిడ నవ్వడం ఇదే మొదలు."

సుచరితకి కళ్ళు చెమర్చాయి. గడియారం చూడగానే అవే ఆరిపోయాయి. రాక్షసుడికి గబగబా మూడు తలలు అతికించి, తలకో పేరు పెట్టి, పన్నెండుకి ఐదు నిమిషాలుండగా త్రిదిబ్ బాబుకి ఫోన్లో కథంతా చదివింది. అవతల ఆయన లేచి తలుపు మూసిన చప్పుడైంది. ముప్పై ఏళ్ళ పేరు ఇవాళ్టితో సరి అనుకుంది.

"దీదీ," అన్నాడు సంపాదకుడు గొంతు బాగా తగ్గించి, "ఇంకో తలకి చోటుందా? మా ఇంట్లో నన్ను పుంటే అనేవారు."

ఆ ఏడు పూజా సంచిక మూడు రోజులు ఆలస్యంగా వచ్చింది. పత్రిక ఆఫీసులో మిగతా పదకొండు మందికీ ముద్దుపేర్లున్నాయి.