ట్రూ కాపీ కాని నాలుగు లైన్లు

కంపైలర్ అనేది మానవజాతి ఉమ్మడి సొత్తు. దాన్ని ఎవరైనా ఉచితంగా తెచ్చుకోవచ్చు, విప్పి చూడవచ్చు, తప్పు కనబడితే దిద్దవచ్చు. (దిద్దినదాన్ని లోపల పెట్టడానికి మాత్రం అనుమతి కావాలి. అనుమతి కూడా ఉచితమే.)

కామారెడ్డిలో ఒక డిగ్రీ కాలేజీ కంప్యూటర్ ల్యాబ్ చూసుకునే దేవీసింగ్‌కు 2011లో అలాంటి తప్పొకటి కనబడింది. మనం రాసిన ప్రోగ్రామును యంత్రం భాషలోకి మార్చడం కంపైలర్ పని. ల్యాబ్‌లోని పాతకాలపు యంత్రాల మీద అది మైనస్ సంఖ్యల భాగహారం తప్పు చేస్తోంది. ప్రాక్టికల్ పరీక్షలో ఉమాదేవి అనే విద్యార్థిని ప్రోగ్రాము పొల్లు పోకుండా రాసింది. జవాబు తప్పొచ్చింది. పిల్ల ఫెయిలై, ఎల్లారెడ్డి దగ్గర ఇంట్లో కూర్చుని బీడీలు చుడుతోంది. తప్పు తమదేనని కంపైలర్ వారు అధికారికంగా దిద్దుకుంటే మార్కులు వేస్తామని యూనివర్సిటీ దయతలచింది.

"సార్, కంపైలర్ అంటే ఏంది, అదెందుకు తప్పు చేసింది అని మా అవ్వ అడుగుతున్నది. ఏం చెప్పాలె?" అంది ఉమాదేవి ఫోన్‌లో.

"నీ తప్పు గాదని చెప్పమ్మా. నాలుగు లైన్లు దిద్దిన, పంపుతున్న. నాలుగు రోజుల్ల అయితది."

కంపైలర్ కమిటీ జవాబు ఎంతో మర్యాదగా వచ్చింది. పాత యంత్రాల విభాగం చూసే ఆయన మానేశారు. కాబట్టి దేవీసింగే దిద్దుబాట్లు లోపల పెట్టే 'కమిట్' అనుమతికి దరఖాస్తు చేసుకోవచ్చు. ఇదివరకు దిద్దుబాట్లు లోపలికి వెళ్లినవారికే ఆ అనుమతి ఇస్తారు. దిద్దుబాట్లు లోపలికి వెళ్లాలంటే అనుమతి ఉన్నవారు పెట్టాలి. మూడుసార్లు చదివాక, కమిటీ విదేశీయులదన్న బెరుకు దేవీసింగ్‌కు పూర్తిగా పోయింది. అచ్చం మనవాళ్లే.

పద్నాలుగు నెలల ఉత్తరాల తర్వాత కమిటీ మెత్తబడింది. ఆ నాలుగు లైన్లు తన సొంతమేనని సంతకం చేసి పంపమంది. అక్కడితో సంతకం చేసి పంపేస్తే సరిపోయేది. కానీ గెజిటెడ్ ఆఫీసరు ఆకుపచ్చ ఇంకు లేని కాగితం ఈ భూమ్మీద ఎక్కడ చెల్లుతుంది? దేవీసింగ్ ఎల్లారెడ్డి వెళ్లి, అటెస్టేషన్ కోసం అందరూ పోయే పశువుల డాక్టరు సిద్ధిరాములు ముందు నిలబడ్డాడు.

"ఒరిజినల్ ఏది?" అన్నారు డాక్టరు, గేదెను పక్కకు తోలించి.

దేవీసింగ్ కంపైలర్ పాత ప్రోగ్రాము కాగితం ఇచ్చాడు. డాక్టరు రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి, వేలుతో లైను లైనూ సరిచూశారు.

"గీ నాలుగు లైన్లు కలుస్తలేవు గదయ్యా."

"దిద్దిన సార్. ఒరిజినల్‌ల తప్పున్నది."

"ఒరిజినల్‌ల తప్పుంటే కాపీల గూడ గదే తప్పుండాలె. లేకుంటే ట్రూ కాపీ అని ఎట్ల రాస్త? నా నౌకరీ పోతది."

(ఆ నాలుగు లైన్లను పూర్తిగా చదివిన మొదటి సమీక్షకుడు ఆయనే. కమిటీలో ఇంకా ఎవరూ తెరవలేదు.)

ఇంకు కోసం మరో మూడు ఆఫీసులు తిరిగి, ఆరు వారాలకు విసిగి, ఉత్త సంతకంతోనే పంపాడు. 2013 జూన్‌లో అనుమతి వచ్చింది. దేవీసింగ్‌కు కళ్లనీళ్లు ఆగలేదు. ముందు ఉమాదేవికి ఫోన్ చేసి, తర్వాత దిద్దుబాటు పెట్టడానికి కంపైలర్ లోపలికి వెళ్లాడు. పాత యంత్రాల విభాగం అక్కడ లేదు. దాని స్థానంలో ఒక ప్రకటన ఉంది: "తొలగించడమైనది. కారణం: రెండేళ్లుగా బాగుచేయడానికి ఎవరూ ముందుకు రాలేదు."

"మరి నా మార్కులు, సార్?" అంది ఉమాదేవి. దేవీసింగ్ జరిగిందంతా యూనివర్సిటీకి రాశాడు.

నెలలోపే జవాబొచ్చింది. (వారు ఆలస్యం చేయరు.) "కంపైలర్ తాజా విడుదలను నిపుణులు పరిశీలించగా, అందులో మీరు చెప్పిన తప్పు గానీ, దాన్ని దిద్దిన ఆనవాలు గానీ లేవు. కావున తప్పు అభ్యర్థినిదేనని నిర్ధారించడమైనది."