హైమావతి కోడు నంబరు

హోమ్ థియేటర్ బిగించిన నాలుగో రోజు ఉదయం పేరూరి చలపతిరావుగారి భార్య హైమావతి వాల్యూము సున్నాకి చేరింది. పెదాలు కదులుతున్నాయి, చెయ్యి వంటింటి వైపు ఏదో చూపిస్తోంది, మాట మాత్రం బయటికి రావడం లేదు. చలపతిరావుగారు ముందు తన చెవుల్నే అనుమానించారు. కొత్తగా వచ్చిన ఏడు స్పీకర్లలో ఒకటి సరిగ్గా ఆయన తల వెనకే ఉంది మరి. అన్నీ ఆపి చూశారు. కుక్కర్ కూత వినిపించింది. కింద కూరల బండివాడి కేక వినిపించింది. హైమావతి వినిపించలేదు.

కాకినాడలో ఇదేం కొత్త సంగతి కాదు. వాళ్ళ అపార్ట్‌మెంట్లోనే రెండో అంతస్తులో ఇద్దరు, నాలుగో అంతస్తులో ఒకరు ఆ ఏడాది సున్నాకి వచ్చి ఉన్నారు. ఒక ఇంట్లో అయితే సంగతి తెలియడానికే రెండు నెలలు పట్టింది. చలపతిరావుగారు ఇరిగేషన్ ఆఫీసులో సూపరింటెండెంటు, ఏ కాగితం ఏ బల్ల మీద ఆగిపోయిందో పట్టుకోవడం ఆయన వృత్తి, కాబట్టి అదే రోజు పట్టుకున్నారు.

డాక్టరు టార్చిలైటు వేసి చూసి, గొంతు నిక్షేపంలా ఉందన్నాడు. "వాల్యూమే సున్నాలో ఉందండీ" అని మందుల చీటీ మీద 'యూనివర్సల్ రిమోట్, ఒకటి' అని రాసిచ్చాడు. భోజనానికి ముందా తర్వాతా అన్నది రాయలేదు.

ఈలోపు కాగితం మీద రాస్తే సరిపోతుంది కదా అని చలపతిరావుగారు ఆవిడ చేతికి పెన్ను ఇచ్చారు. హైమావతి కాసేపు ఆలోచించి కందిపప్పు రెండు కిలోలు, సబ్బులు నాలుగు, చింతపండు అని రాసి తిరిగి ఇచ్చింది. రాసుకునే మాటలు అవే. తక్కినవి గొంతుతో తప్ప వచ్చేవి కావని ఆయనకు అప్పుడే తెలిసింది. రోజుకి వంద సార్లు వినిపించే "ఏమండీ" ఒక్కటి లేకపోయేసరికి, ఆ ఇంట్లో తను ఉన్నాడో లేడో ఆయనకే నమ్మకం కుదరలేదు. ఆ ఒక్క మాటైనా తిరిగి రావాలి అనుకుని చెప్పులు వేసుకున్నారు.

మెయిన్ రోడ్డులో ఎలక్ట్రానిక్స్ దుకాణం నడిపే జబ్బారు చీటీ చూసి మూడు రకాలు బల్ల మీద పెట్టాడు.

"బటన్లు లెక్కపెట్టి కొనకండి సార్. అరవై బటన్లున్నది కొన్నాయన ఇంటికెళ్ళి మూడే నొక్కుతాడు. కోడ్ బుక్కులో మీ సామాన్లన్నీ ఉన్నాయో లేదో, అదొక్కటి చూసుకోండి. మీకు నాలుగు పట్టేది చాలు. టీవీ, సెట్‌టాప్ బాక్సు, ఆంప్లిఫయరు, మేడమ్."

కోడ్ బుక్కు ముందు సగంలో కంపెనీల పేర్లు, వెనక సగంలో ఇంటిపేర్లు అక్షరక్రమంలో ఉన్నాయి. పేరూరి వారికి ఐదు కోడ్లు ఇచ్చారు. సెట్ బటన్ నొక్కి పట్టుకోవాలి, ఎర్రలైటు రెండుసార్లు మినుకుమనాలి, అప్పుడు నాలుగంకెలు కొట్టాలి, పని చేసేదాకా ఒకదాని తర్వాత ఒకటి చూసుకోవాలి. టీవీ మొదటి కోడుకే లొంగింది. హైమావతిని సోఫాలో కూర్చోబెట్టి చలపతిరావుగారు మూడో కోడు కొట్టేసరికి పచ్చలైటు వెలిగింది. సంతోషం పట్టలేక వాల్యూము ఏడుసార్లు పెంచారు.

"హైమా! ఏదైనా అను!" అన్నారు.

ఆ కేకకి ఎదురింటి కుక్క మంచం కిందికి దూరింది. వాచ్‌మన్ కర్ర పట్టుకుని మూడంతస్తులు ఎక్కి వచ్చాడు. పెరిగింది చలపతిరావుగారి వాల్యూము. కంగారులో తగ్గించబోయి మరీ తగ్గించేసుకున్నారు, ఆ మర్నాడంతా ఆఫీసులో ఆయన మాట ఎవరికీ వినపడలేదు. ఆఫీసు మామూలుగానే నడిచింది. హైమావతి మాత్రం భుజాలు అదిరేలా నవ్వింది. ఆ నవ్వుకీ శబ్దం లేదు.

సాయంత్రానికి మళ్ళీ తన వాల్యూము సరిచేసుకుని జబ్బారుకి ఫోన్ చేశారు.

"పేరూరి కోడు కొట్టారా? అది మీ కోడు సార్. మేడమ్‌ది పుట్టింటి కోడు."

"పెళ్ళయ్యాక ఇంటిపేరు మారింది కదయ్యా?"

"కార్డుల్లో మారుద్దండి. లోపల సర్క్యూట్ మారదు కదా. వారానికి పది మంది చేసే తప్పే ఇది, మీరేం ఫీలవకండి."

చలపతిరావుగారు ఫీలయింది అందుకు కాదు. భార్య పుట్టింటి ఇంటిపేరు ఆయనకు గుర్తులేదు. ఇరవై తొమ్మిదేళ్ళుగా వాళ్ళని 'అంబాజీపేట వాళ్ళు' అనే అంటూ వచ్చారు. ఆవిడనే రాసివ్వమనడానికి మొహం చెల్లలేదు. బాల్కనీలోకి వెళ్ళి తలుపు వేసుకుని మరదలు ఉమకి ఫోన్ చేశారు.

"ఏం బావగారూ, దారి తప్పిందా ఫోను?"

"ఉమా, మీ ఇంటిపేరు ఏంటమ్మా?"

"మా ఆయనదా?"

"కాదమ్మా. మీ నాన్నగారిది."



"ఇరవై తొమ్మిదేళ్ళు మా అమ్మ పనసాకుల్లో ఉడికించిన పొట్టిక్కలు తిన్నారు. వరసపెట్టి మూడేసి పెట్టించుకునేవారు. ఇంటిపేరు మాత్రం తెలీదు! కందికుప్ప. రాసుకోండి, మళ్ళీ మర్చిపోతారు. ఇప్పుడెందుకు గుర్తొచ్చాం?"

"మీ అక్క వాల్యూము సున్నాకి వచ్చింది."

"ఇన్నాళ్ళు పట్టిందా?" అంది ఉమ. ఆశ్చర్యపోయినట్టు లేదు. "మీకేం తెలుసు బావగారూ అక్క గొంతు. కాలవ ఇవతల నించుని కేకేస్తే అవతలి ఒడ్డుకి చేరిన పడవ వెనక్కి తిరిగేది."

కందికుప్ప వారికి ఒక్కటే కోడు ఉంది. కొట్టగానే పచ్చలైటు వెలిగి, రిమోట్ చిన్న తెర మీద మూడు వరసలు కనిపించాయి. గరిష్ఠం నలభై. ప్రస్తుతం సున్నా. తగ్గింపులు పదివేల ఐదువందల అరవై. పెంచే బటన్ ఎన్నిసార్లు నొక్కినా అంకె కదల్లేదు. చలపతిరావుగారు రిమోట్‌ని రుమాల్లో చుట్టుకుని మళ్ళీ దుకాణానికి వెళ్ళారు.

జబ్బారు తెర చూశాడు. "ఇది రిపేరు కాదు సార్. ఎవరో తగ్గించారు. ఇంట్లో ఎవరెవరుంటారు?"

"మేమిద్దరమే."

జబ్బారు మర్యాదగా వీధిలోకి చూశాడు.

"నేనెప్పుడూ రిమోట్ ముట్టలేదయ్యా! ఇది మొన్ననేగా కొన్నాను."

"దానికి రిమోట్ అక్కర్లేదు సార్. 'మెల్లగా' అంటే ఒకటి. 'అబ్బా, ఉండు' అంటే ఒకటి. 'తర్వాత చూద్దాంలే' అన్నా, పేపర్లోంచి తలెత్తకుండా 'ఊఁ' అన్నా అంతే. రోజుకి సుమారు ఒకటి పడింది లెండి. మామూలు లెక్కే. మా ఇంట్లో వాల్యూము పదమూడు చూపిస్తోంది."

"పెంచే మార్గం?"

"ఉందండి. ముందు ఈ బటన్ సెట్ చేస్తాను, ఇది నొక్కితే అన్నీ ఒకేసారి ఆఫ్. టీవీ, బాక్సు, ఏడు స్పీకర్లు. అప్పుడు మేడమ్‌ని మీకు తెలియనిది ఏదైనా అడగాలి. అడిగి ఆగాలి. చాలామంది అడుగుతారు సార్, ఆగరు. ఆవిడ చెప్పడం అయ్యేదాకా ఆగితే ఒకటి పడుద్ది. రోజుకి ఒకటే తీసుకుంటుంది. రెండొందల అరవై నాలుగు పడితే ఒక మెట్టు."

"మొత్తం నలభై రావాలంటే?"

"తగ్గడానికి ఎంత పట్టిందో అంత."

చలపతిరావుగారి వయసు యాభై ఏడు. కూడిక చేసుకుంటే ఎనభై ఆరు వచ్చింది. రిమోట్‌కి వారంటీ రెండేళ్ళు.

"ఇంకోటి సార్. తగ్గించినప్పుడల్లా ఆగిపోయిన మాటలు ఎక్కడికీ పోవు. లోపలే ఉంటాయి. వచ్చేటప్పుడు పాతవి ముందు వస్తాయి, వరసలో, రోజుకొకటి." అని జబ్బారు వారంటీ కార్డు తీసి, 'కొన్న తేదీ' అన్న చోట 'కొన్న' కొట్టేసి, 'ఇంటికి వచ్చిన' అని రాసి పెళ్ళిరోజు అడిగాడు. అది మాత్రం చలపతిరావుగారికి గుర్తుంది.

ఆ మర్నాటి నుంచి సాయంత్రం ఐదున్నరకి ఇంట్లో అన్నీ ఆఫ్ అయ్యేవి. మొదటి రోజు "ఇవాళ కూరేంటి?" అని అడిగారు. అంకె పడలేదు. బెండకాయల వాసన అప్పటికే వస్తోంది, తెలిసిన సంగతి అడిగితే చెల్లదు. రెండో రోజు నుంచి ఆఫీసు అలవాటు కొద్దీ ప్రశ్నల జాబితా తయారు చేసుకున్నారు. నీకు ఏ రంగంటే ఇష్టం? చిన్నప్పుడు బళ్ళో ఎవరి పక్కన కూర్చునేదానివి? పాము కలలు వస్తాయా? జాబితా వారంలో అయిపోతుందనుకున్నారు. వారం తిరిగేసరికి, తనకి తెలియనివి అడగాలంటే జాబితాకి ఆ నోటుపుస్తకం చాలదని అర్థమైంది. హైమావతి చెప్పేది. ఆయన పెదాల వంక చూస్తూ ఆగేవారు. కొన్ని జవాబులు ఒక్క మాటలో అయిపోయేవి. కొన్నింటికి ఆవిడ చేతులు గాల్లో గీతలు గీసేవి, పావుగంట పట్టేది, మధ్యలో కళ్ళు తుడుచుకునేది. ఏం చెప్పిందో ఆయనకు తెలిసేది కాదు. అంకె మాత్రం పడేది. తొంభై ఒకటో రోజున క్రికెట్ మాచ్ ఉంది, "ఊఁ, తర్వాత?" అని ఒకసారి తొందరపెట్టారు. ఒకటి తగ్గింది.

నాలుగో అంతస్తు ఆయన లిఫ్టులో జాలిపడ్డాడు. "ఎందుకండీ ఈ శ్రమ? మేం అలవాటు పడిపోయాం. ఇల్లు ఎంత హాయిగా ఉందో!" ఆయన భార్య పక్కనే నిలబడి ఏదో చెబుతోంది. ఆయన తన అంతస్తు బటన్ నొక్కాడు.

తొమ్మిది నెలలు నిండవస్తుండగా, ఒక ఆదివారం నాడు తెర మీద 'ప్రస్తుతం' పక్కన ఒకటి కనిపించింది. ఒకటిలో ఉన్న మాట చెయ్యి చాచేంత దూరం దాకానే వినపడుతుంది. హైమావతి హాల్లో చాప మీద కూర్చుని చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తోంది. చలపతిరావుగారు అన్నీ ఆఫ్ చేసి, మోకాళ్ళు పట్టుకుని ఆవిడ పక్కనే చతికిలబడ్డారు.

"ఏమండీ" అంది హైమావతి.

ఆయన ఉలిక్కిపడ్డారు. సన్నగా ఉంది గొంతు, మల్లెపువ్వు నేల మీద పడ్డంత. అది యాభై ఒక్కేళ్ళ మనిషి గొంతు కాదు. ఇరవై రెండేళ్ళది.

"ఏమండీ, కిటికీ పక్కన నేను కూర్చోనా?"

అంతే. మొదటి మాట అది. చలపతిరావుగారికి గుర్తు రావడానికి కొంచెం సేపు పట్టింది. పెళ్ళయిన నాలుగో రోజు, అమలాపురం నుంచి కాకినాడ వచ్చే బస్సు. ఆవిడ అడిగింది. ఆయన "మెల్లగా, అందరూ వింటున్నారు" అన్నారు. రావులపాలెం వంతెన దాటినంత సేపూ ఆయన గోదావరిని చూశారు. ఆవిడ ఆయన తల వెనక భాగాన్ని చూసింది.

చలపతిరావుగారు లేచి, హాల్లో కిటికీ పక్కనున్న తన కుర్చీ మీది పేపరు, కళ్ళజోడు పెట్టె తీసేశారు. తువ్వాలుతో ఒకసారి దులిపారు.

"కూర్చో" అన్నారు.

హైమావతి చిక్కుడుకాయలు పక్కన పెట్టి, చీర కుచ్చిళ్ళు సర్దుకుని కూర్చుంది. కిటికీలోంచి పక్క అపార్ట్‌మెంటు గోడ, నీళ్ళు కారుతున్న ఏసీ పెట్టె కనిపిస్తాయి. ఒక పెద్ద వంతెన దాటడానికి బస్సుకి ఎంత సేపు పడుతుందో అంత సేపు ఆవిడ అటే చూసింది. ఆయన ఇవతల స్టూలు వేసుకుని కూర్చుని ఆగారు.

తెర మీద ఆ రోజుకి ఒకటి పడింది. రెండో మాట రేపు ఐదున్నరకి.