నిదానం గారి గ్లౌజు

తెల్లవారుజాము బస్సు నడిపే ఆ డ్రైవరుని డిపోలో అందరూ నిదానం అనే పిలిచేవారు. బస్సునీ తొందరపెట్టడు, మాటనీ తొందరపెట్టడు. ఆ రోజు ఇంకా చీకటి ఉండగానే లేచి, అన్నం డబ్బాతో పాటు పసుపుపచ్చ ఊలుండనీ అల్లిక సూదులనీ సంచీలో పెట్టుకుంటుంటే, భార్య గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

"ఇంట్లో అల్లుకోండి, ఎవరొద్దన్నారు? డిపోలో నలుగురి ముందు ఎందుకండీ? నవ్విపోతారు."

"నవ్వనీ. వాళ్ళ పళ్ళు, వాళ్ళ ఇష్టం."

"నా మొహం చూసైనా ఆగొచ్చుగా."

"నీ మొహం రోజూ చూస్తూనే ఉన్నా. చలికి స్టీరింగ్ మీద నా చేతులు కొయ్యబారిపోతున్నాయి, వాటినెవరు చూస్తున్నారు?"

అల్లడం అతనికి చిన్నప్పుడు నాయనమ్మ నేర్పింది. బళ్ళో పిల్లలు ఆడంగి అని ఏడిపిస్తే ఏడ్చుకుంటూ వచ్చి సూదులు అటకెక్కించాడు. ఆ సూదులు ఎప్పుడో పోయాయి గానీ బాధ పోలేదు. అందుకే ఈసారి లోకులు కాకులైనా సరే, గద్దలైనా సరే, గ్లౌజులు నలుగురి కళ్ళ ముందే అల్లాలని పట్టుబట్టాడు.

మొదటి ట్రిప్పు అయ్యాక డిపో విశ్రాంతి గదిలో బల్ల మీద కూర్చుని సూదులు తీశాడు. ఎవరు నవ్వుతారా అని ఒళ్ళు బిగించుకుని చూశాడు. ఎవరూ నవ్వలేదు. అసలు ప్రమాదం అదేనని పాపం అతనికి తెలియలేదు. గ్లౌజు అప్పటికి మణికట్టు దాకానే వచ్చింది. చూసేవాళ్ళకి అది అచ్చం పసిపిల్లల మేజోడులా ఉంది.

అతని బస్సు కండక్టరు మెల్లిగా వచ్చి పక్కన కూర్చున్నాడు.

"అన్నా, వదినకి ఎన్నో నెల?"

"దేనికి ఎన్నో నెల?"

"నా దగ్గర కూడా దాపరికమా?"

"ఇది గ్లౌజురా. నాకే. నేనే అల్లుకుంటున్నా."

కండక్టరు జాలిగా చూసి భుజం తట్టాడు. "యాభై దాటాక కాస్త మొహమాటంగానే ఉంటుందిలే. నేనెవరికీ చెప్పను."

ఎవరికీ చెప్పనన్న మాట మీద నిలబడ్డ కండక్టరు ఇంతవరకూ పుట్టలేదు. రెండో ట్రిప్పు ముగించుకుని వచ్చేసరికి గోరంత మేజోడు కొండంతయింది. క్యాంటీన్లో చేతులు కలిపేవాళ్ళు కొందరు, కళ్ళెగరేసేవాళ్ళు కొందరు. "కాదయ్యా, నాకే" అని నిదానం అన్నకొద్దీ, "చూశావా, ఎంత సిగ్గో!" అని వాళ్ళు మురిసిపోయారు. కండక్టరు భార్య ద్వారా కబురు అందుకున్న నిదానం కూతురు అత్తవారింటి నుంచి ఫోన్ చేసింది.

"నాన్నా, నిజమేనా? తమ్ముడా చెల్లెలా అని మా అత్తగారు అడుగుతున్నారు!"

"గ్లౌజు తల్లీ, గ్లౌజు."

"అప్పుడే పేరు కూడా పెట్టేశారా!"

ఫోన్ పెట్టేలోపే మేనేజరు పిలుస్తున్నాడన్నారు.

"పగటి డ్యూటీ కావాలని ఎన్నేళ్ళుగానో అడుగుతున్నారు, నేను కుదరదంటున్నాను. ఇప్పుడు సంగతి వేరు. పసిబిడ్డ ఇంట్లో ఉండగా తెల్లవారుజామున రావడం కష్టం. రేపట్నుంచి పగటి బస్సు మీదే" అన్నాడు మేనేజరు.

నిదానం లెక్క వేసుకున్నాడు. పగటి బస్సు! ఎండ, వెలుతురు, కంటినిండా నిద్ర. నోరు మూసుకుని తల ఊపితే చాలు.

"బిడ్డ లేదు సార్" అన్నాడు.

"బిడ్డ లేకుండా మగాళ్ళెవరైనా అల్లుతారా?"

"నేను అల్లుతాను సార్."

"మీకు మరీ సిగ్గెక్కువ. వెళ్ళిరండి" అని మేనేజరు నవ్వేశాడు.

యాభై దాటిన దంపతులకి బిడ్డ పుడుతుందంటే ఇట్టే నమ్మిన మనుషులు, ఒక మగవాడు తన చేతికి తనే గ్లౌజు అల్లుకుంటాడంటే నమ్మలేకపోతున్నారు. నిదానానికి జీవితంలో మొదటిసారి ఒళ్ళు మండింది. ఇక మాటలు దండగనుకుని, దొరికిన విరామమంతా తలెత్తకుండా అల్లాడు.

ఆ రోజు రెండో డ్యూటీ కూడా మీద పడడంతో, సాయంత్రం ఆఖరి ట్రిప్పు ముగించి డిపోలోకి వచ్చేసరికి మేనేజరుతో సహా ఆవరణంతా జనం. మధ్యలో ఒక ఉయ్యాల. వర్క్‌షాపు మెకానిక్కులు పాత సీట్ల గొట్టాలు వెల్డింగు చేసి, బస్సు రంగే వేసి, బస్సు గంట కూడా తగిలించారు. అప్పుడే గేటులోంచి నిదానం భార్య వచ్చింది. పొద్దుటి నుంచీ వీధంతా శుభాకాంక్షలు చెబుతుంటే విని విని ఆమె కళ్ళు నిప్పులు కక్కుతున్నాయి.

"ఎవరికి ఈ ఉయ్యాల?" అంది. అందరూ ఆమె పొట్ట వైపు చూశారు.

నిదానం బస్సు మెట్టెక్కి నిలబడ్డాడు. సంచీలోంచి ఇంకా వేళ్ళు మొలవని గ్లౌజు తీసి తన లావుపాటి చేతికి తొడిగాడు. అతికినట్టు సరిపోయింది.

"పసిబిడ్డకి ఇంత చెయ్యుంటుందా? ఈ చెయ్యి నాది, గ్లౌజు నాది, అల్లింది నేను. పగటి డ్యూటీ నాకొద్దు సార్. చిన్నప్పుడు నవ్వుతారని మానేశాను. ఇప్పుడు నవ్వినా మానను."

అందరి చూపూ పొట్ట మీంచి గ్లౌజు మీదికి మారింది. తర్వాత, పొద్దున్న రావలసిన నవ్వు సాయంత్రానికి వడ్డీతో సహా వచ్చింది. మెకానిక్కులు ఉయ్యాల పట్టుకుని నవ్వుతుంటే గంట కూడా మోగింది. నిదానం చెవులు కాలిపోయాయి, కానీ గ్లౌజు తియ్యలేదు.

"ఎందుకా నవ్వు?" భార్య గొంతు గంటని మించి మోగింది. "పొద్దుటి నుంచీ ఉన్నమాట చెప్పినవాడు ఇంతమందిలో ఈయన ఒక్కడేగా! ఏమండీ, రెండో చేతిది కూడా ఇక్కడే కూర్చుని అల్లండి. ఎవరేమంటారో నేనూ చూస్తా."

నిదానం సంచీలోంచి ఊలుండ తీశాడు. మేనేజరు దగ్గి, తెల్లవారుజాము బస్సు తిరిగి అతనికే ఇచ్చేశాడు.

కొన్నాళ్ళకి ఒక చలి పొద్దున, విశ్రాంతి గదిలో కండక్టరు అరచేతులు ఊదుకుంటూ పక్కన చేరాడు.

"అన్నా, నాకు తెలిసిన ఒకాయనకి ఓ జత అల్లిపెడతావా?"

"అల్లిపెట్టను. నేర్పుతాను."

"అయితే ఎవరూ చూడని చోట..."

"ఇక్కడే. ఈ బల్ల మీదే."

కండక్టరు అటూ ఇటూ చూసి, నిట్టూర్చి, ఉయ్యాలలో పడుకున్న ఊలుండల్లోంచి ఒకటి తీసుకున్నాడు. ఆ మధ్యాహ్నమే అతని భార్యకి శుభాకాంక్షలు చెబుతూ మొదటి ఫోన్ వచ్చింది.