నల్లరాళ్లదిన్నె నీళ్లకు బాధ్యుడు

నల్లరాళ్లదిన్నెలో నలభై ఒక్క రోజులుగా కొళాయిలు రాకపోవడానికి బాధ్యుడెవరో ఇరవై నాలుగు గంటల్లో తేల్చాలని ప్రభుత్వం ఆదేశించింది. నీళ్లు ఎప్పటిలోగా ఇవ్వాలో మాత్రం ఆ ఆదేశంలో లేదు. ఒకే కాగితంలో రెండు విషయాలు కలపడం కార్యాలయ పద్ధతికి విరుద్ధమని చదువరులకు తెలియనిది కాదు.

ఎవరో శాసనసభ్యుడు సభలో ప్రశ్న వేయడంతో ఇదంతా మొదలైంది. మంత్రిగారు కార్యదర్శిని అడిగారు. కార్యదర్శి తన కింద కమిషనర్ ఉన్నాడని గుర్తు తెచ్చుకున్నారు. కమిషనర్‌కు పెద్ద ఇంజనీరు, పెద్ద ఇంజనీరుకు నడిమి ఇంజనీరు, ఆయనకు చిన్న ఇంజనీరు సమయానికి జ్ఞాపకం వచ్చారు. ప్రతివారూ కాగితం మీద 'అత్యవసరం' అని ఒక్కొక్కసారి రాసి కిందికి పంపారు. అది పంచాయతీ కార్యదర్శి ఉమాదేవి బల్ల మీదికి చేరేసరికి 'అత్యవసరం' అన్న మాట ఆరుసార్లు ఉంది. ఆవిడ ఏడోది రాసి వాటర్‌మన్ అయ్యన్నకు ఇచ్చింది. అయ్యన్న కింద ఎవరూ లేరు. నేల ఉంది.

ఆదోని నుంచి ఎమ్మిగనూరు పోయే దారిలో లోపలికి తిరిగితే వచ్చే ఆ ఊళ్లో అయ్యన్న పదకొండేళ్లుగా నీళ్లు వదులుతున్నాడు. అతనిది పర్మినెంటు ఉద్యోగం కాదు, తాత్కాలికమూ కాదు. అవుట్‌సోర్సింగ్. అంటే పని ప్రభుత్వానిది, తప్పు అతనిది. ట్యాంకు అడుగున వాల్వు కడ్డీ విరిగి, లోపలి తలుపు మూసుకుపోయింది. ట్యాంకు నిండా నీళ్లు ఊరి నెత్తిన నిలబడి ఉన్నాయి. ఊళ్లో ఆడవాళ్లు మైలు దూరంలోని చేలబోరు నుంచి బిందెలు మోస్తున్నారు. కొత్త వాల్వు కావాలని అయ్యన్న ఏడుసార్లు చెప్పాడు. వాల్వు రావాలంటే అంచనా వేయాలి. అంచనాకు విరిగిన కడ్డీ ఫొటో కావాలి. ఫొటోకు వాల్వు గుంత మీది బండ తీయాలి. అది ప్రభుత్వ ఆస్తి గనుక తీయడానికి అనుమతి కావాలి. అనుమతి కావాలంటే అంచనా జతపరచాలి. ఇందులో ఎక్కడా లోపం లేదు, చుట్టు పూర్తిగా గుండ్రంగా ఉంది.

ఉమాదేవి ఇచ్చిన ఆ మెమో చదివించుకోవడానికి అయ్యన్న జైతూన్ బీ ఇంటికి వెళ్లాడు. ఆమె మనవరాలు ఇరమ్ ఆదోనిలో డిగ్రీ చదువుతోంది.

"ఏమని ఉందమ్మా?"

"నీ మీద చర్య ఎందుకు తీసుకోగూడదో మూడు రోజుల్లో చెప్పమంటున్నారన్నా."

"అంటే వాల్వు ఇస్తారంటనా?"

"వాల్వు మాట యాడా లేదు."

జైతూన్ బీ గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. "ఉన్నది ఉన్నట్టు రాసి పంపు బేటీ. నిజం సెప్పేదానికి భయమేంటికి?" అంది.

ఇరమ్ రాసింది: 'వాల్వు విరిగింది. ఊరికి నీళ్లు లేవు. ట్యాంకు నిండా నీళ్లున్నాయి. వాల్వు ఇస్తే అరగంటలో బిగిస్తాను.'

ఈ జవాబు అదే మెట్లెక్కి పైకి పోయింది. ఉమాదేవి చెడ్డది కాదు. 'విరిగింది' అన్న మాట పైవాళ్లకు బాధ కలిగిస్తుందని 'మరమ్మతుకు అర్హత పొందింది' అని మార్చింది. చిన్న ఇంజనీరు 'అరగంట' కొట్టేశాడు, అంత తొందరైతే శాఖ పరువేం కాను? నడిమి ఇంజనీరు వాల్వునే తీసేశాడు. పెద్ద ఇంజనీరుకు 'ఊరికి నీళ్లు లేవు' అన్న వాక్యంలో వ్యతిరేక ధోరణి కనిపించింది. 'ట్యాంకు నిండా నీళ్లున్నాయి' అన్నది ఒక్కటి అందరికీ నచ్చింది. చివరికి అదొక్కటే మిగిలింది.

"అధ్యక్షా, నల్లరాళ్లదిన్నెలో ట్యాంకు నిండా నీళ్లున్నాయి" అన్నారు మంత్రిగారు సభలో. "నలభై రోజులకు పైగా ఒక్క చుక్క వృథా కాలేదు. ఇంతటి క్రమశిక్షణ కలిగిన ట్యాంకు రాష్ట్రంలో మరొకటి లేదని సగర్వంగా మనవి చేస్తున్నాను." బల్లలు మోగాయి. వారం తిరక్కుండానే ఊరి మొదట్లో 'నీటి పొదుపులో ఆదర్శ గ్రామం' అని బోర్డు నిలబెట్టారు. బోర్డు పాతిన కూలీలు తాగడానికి నీళ్లడిగితే, చేలబోరుకు దారి చూపించారు.

ఆ దారిలోనే జైతూన్ బీ బిందెతో పడింది. మణికట్టు విరిగింది. ఎమ్మిగనూరులో కట్టు కట్టించుకొని ఆటో దిగుతున్న ముసలామెను చూసి అయ్యన్న తల దించుకున్నాడు.

"నా వల్లనే అవ్వా."

"నీ వల్ల ఏమైతాదప్పా? నీ చేతిలో ఏముంది?"

ఆమె ఓదార్పుగానే అంది. ఆ మాట అతనికి ముల్లులా దిగింది. చేతిలో ఏమీ లేనివాడికి మెమో ఎట్లా వచ్చిందని ఆలోచించుకుంటూ సైకిలెక్కి ఆదోని పోయాడు. అక్కడ పాతినుము దుకాణం షాకిర్ దగ్గర, మూతపడిన పత్తి మిల్లులో ఊడదీసిన వాల్వు ఒకటి దొరికింది. సంగతి విని షాకిర్ "తీసుకోబో అన్నా" అని ఊరికే ఇచ్చాడు. మరునాడు పొద్దున అయ్యన్న అనుమతి లేకుండా బండ తీశాడు, ఫొటో లేకుండా కడ్డీ చూశాడు, అంచనా లేకుండా వాల్వు బిగించాడు. అరగంట అన్నాడు గానీ నలభై నిమిషాలు పట్టింది. ఇది అతని అబద్ధంగా తర్వాత నమోదైంది.

కొళాయిలు మొదట గాలి ఊదాయి, తర్వాత ఎర్రనీళ్లు కక్కాయి, ఆ తర్వాత తెల్లగా దూకాయి. వీధివీధినా కేకలు. అయ్యన్న గుంతలోనే కూర్చుని ఆ కేకలు విన్నాడు. పదకొండేళ్లలో అతనికి ఒళ్లు పులకరించింది ఆ రోజే.

ఆదర్శ గ్రామపు ట్యాంకులో మట్టం పడిపోయిందన్న వార్త ప్రభుత్వాన్ని కలవరపరిచింది. మూడో రోజే విచారణాధికారి దేవేంద్ర జీపు దిగాడు. బడి వరండాలో కుర్చీ వేయించుకొని, ఊరందరినీ పిలిపించి ప్రసంగించాడు.

"జవాబుదారీతనం ప్రభుత్వానికి ఊపిరి. ఈ గ్రామానికి నీళ్లు రావడానికి బాధ్యులెవరో నిర్భయంగా చెప్పండి. మీ మాట అక్షరం మారకుండా పైకి పోతుంది."

ఊరు ఒక్క గొంతుతో అరిచింది: "మా అయ్యన్న సార్!"

"ఒక్కడే చేసినాడా?"

"ఒక్కడే సార్! ఎవురినీ అడగలే!"

"పై అధికారులు సాయం చేశారా?"

"యాడిది సార్, ఒకడూ రాలే!"

పర్మినెంటు చేస్తారేమోనని ఊరు ఉబ్బిపోయింది. అయ్యన్నా ఉబ్బాడు. తన పేరు తప్పుల కింద కాకుండా కాగితంలోకి ఎక్కడం అతనికి అదే మొదలు. నూటపన్నెండు మంది సంతకాలు చేశారు. జైతూన్ బీ కుడిచేతికి కట్టుండడంతో ఎడమ బొటనవేలు అద్దింది. అందరి తర్వాత వచ్చిన ఇరమ్ కాగితం పైభాగం చదివి, కలం పక్కన పెట్టింది. 'ప్రభుత్వ ఆస్తిని అనుమతి లేకుండా విప్పుట, ఆమోదించని వాల్వు అమర్చుట, పొదుపు చేసిన నీటిని దుర్వినియోగపరచుట. సాక్షులు: గ్రామస్థులు.'

దేవేంద్ర మాట నిలబెట్టుకున్నాడు. ఈసారి ఒక్క అక్షరం మారకుండా పైకి పోయింది. సాయంత్రానికల్లా అయ్యన్నను తీసేశారు.

"ఆదోనికి పోయి అడుగుదాం, అందరం పోదాం" అన్నారు ఊరివాళ్లు నిజమైన కోపంతో. సోమవారం అర్జీల దినం. ఇంట్లోకి కొళాయి నీళ్లు పట్టుకున్నాక వస్తామన్నారు. బస్సెక్కింది మాత్రం అయ్యన్న, జైతూన్ బీ, ఇరమ్. అర్జీ తీసుకొని, రసీదు ఇచ్చి, వచ్చే సోమవారం రమ్మన్నారు. ఆ సోమవారం ఇంకో సోమవారం రమ్మన్నారు.

మూడో సోమవారం అయ్యన్న వరుసలో నిలబడి ఉండగా రెండు ఆటోల నిండా ఊరు దిగింది. అతను జైతూన్ బీ వైపు తిరిగాడు. "సూడవ్వా, వచ్చినారు" అన్నాడు. జైతూన్ బీ కళ్లు తుడుచుకుంది.

ముందు నడుస్తున్న వెంకటేశులు చేతిలో పొడవాటి అర్జీ ఉంది. కొత్త వాటర్‌మన్ ఐదున్నరకే నీళ్లు వదులుతున్నాడు, గ్రామస్థులకు నిద్ర చెడుతోంది, వెనకటిలాగే ఆరు గంటలకు వదిలించ ప్రార్థన.

"ఏమన్నా, నువ్వూ ఈడ్నే ఉండావా!" అన్నాడు వెంకటేశులు సంబరంగా. "మంచిదాయె. ఆరుకు వదిలేవాడివి నువ్వే గదా, నీ సంతకముంటే బలముంటాది."

అయ్యన్న అర్జీని రెండుసార్లు కిందికీ పైకీ చూశాడు. తర్వాత వెంకటేశులు వీపు మీదే కాగితం ఆనించి, సంతకం పెట్టాడు.

ఆ అర్జీ అదే రోజు పరిష్కారమైంది.