మూడు తరాల తనిఖీ

ఆ ఆదివారం చేయవలసిన పనుల జాబితాను రికార్డుగారు ముందురోజు సాయంత్రమే రాసి, రెండు నకళ్లు తీసి, ఒకటి వంటగది తలుపుకీ, ఒకటి పెరటి తలుపుకీ అంటించారు. ఆరింటికి స్నానాలు. ఏడింటికి ఆరబెట్టుట. ఎనిమిదింటికి దువ్వుట. పదింటికి రిబ్బన్లు కట్టుట. పదకొండింటికి పరిశీలకురాలి రాక. అడుగున సంతకం, తేదీ. ఇద్దరు మనుషులున్న ఇంటికి ఇన్ని నకళ్లెందుకని భార్య అడగలేదు. పెళ్లయి ఇరవై ఆరేళ్లయింది మరి, ఏది అడగాలో ఏది అడగకూడదో ఆవిడకు తెలుసు.

ఆయన్ని వీధివీధంతా రికార్డుగారనే పిలుస్తుంది. భూముల దస్తావేజులు దాచే ఆఫీసులో రికార్డు రూము ఆయన ఏలుబడి. ముప్పై ఏళ్లలో ఒక్క కాగితం పోలేదు, ఒక్క దిద్దుబాటు పడలేదు. అలాంటి మనిషి పదకొండేళ్ల కిందట ఏదో పత్రికలో ఒక బొమ్మ చూసి మనసు పారేసుకున్నారు. ఎక్కడో చలిదేశంలో కొండల మీద గొర్రెల మందలు కాసే కుక్కల జాతి అది. ఒళ్లంతా నేలకు జీరాడే జుట్టు. నడిస్తే తప్ప తల ఎటో తోక ఎటో తేలదు. ఆర్నెల్లు ఉత్తరాలు రాసి ఒక జంటను ఓడలో తెప్పించారు. రేవులో నెల్లాళ్లు వేరుగా ఉంచి, రోగాలేవీ లేవని తేల్చాక గాని ఇంటికి పంపలేదు. తీరా ఇంటికి తెస్తే వీధిలోవాళ్లు గుమిగూడి చూసి, "నేల తుడిచే గుడ్డలకు కాళ్లొచ్చాయే" అన్నారు. ఆ మాట ఆయనకు ముల్లులా గుచ్చుకుంది. ఈ జాతిని ఈ దేశం పుస్తకంలోకి ఎక్కించి తీరతానని ఆ రోజే ఒట్టు పెట్టుకున్నారు.

ఎక్కించడమంటే మాటలా? దేశపు కుక్కల సంఘానికి ఒక నియమం ఉంది. పైదేశం నుంచి వచ్చిన కుక్క ఎన్నాళ్లున్నా చుట్టమే. వచ్చిన తల్లి, ఇక్కడ పుట్టిన కూతురు, ఆ కూతురికి ఇక్కడే పుట్టిన బిడ్డ, ముగ్గురూ ప్రాణాలతో ఒకే వాకిట్లో నిలబడితేనే ఆ జాతి ఈ నేలమీద నిలిచినట్టు లెక్క. అప్పుడే జాతుల పుస్తకంలో దానికో పేజీ, ఆ పేజీ మీద స్థాపకుల పేరు. పరిశీలన అయిదేళ్లకొకసారి. తల్లికుక్కకు పన్నెండో ఏడు నడుస్తోంది. ఈసారి తప్పితే మళ్లీ పరిశీలన నాటికి అది ఉండదు. ఆ సంగతి ఇంట్లో ఎవరూ పైకి అనరు, కానీ అందరికీ తెలుసు.

మగది రెండో ఎండాకాలం దాటలేదు. అది పోయిన రోజు రికార్డుగారు ఆఫీసుకు సెలవు పెట్టారు, ముప్పై ఏళ్ల సర్వీసులో పెట్టిన ఒకే ఒక్క సెలవు. దాని పిల్లల్లో ఒక్క ఆడది బతికి బట్టకట్టింది. దానికి ఈడైన వరుడి కోసం వెతికి వెతికి, ఓడ కెప్టెనుగా పనిచేసి రిటైరైన ఒకాయన దగ్గర అదే జాతి మగకుక్క ఉందని తెలిసి, మూడొందల కిలోమీటర్లు వ్యానులో వెళ్లి సంబంధం కలుపుకొస్తే మనవరాలు పుట్టింది. ఇదంతా ఎర్రగుడ్డ అట్ట వేసిన రిజిస్టరులో గడులు గీసి రాశారు. మగది పోయిన దగ్గర్నుంచీ ప్రతి ఎండాకాలం నాలుగు కిటికీలకూ గోనెపట్టాలు కట్టి, గంటకోసారి తడిపి, మిగిలినవాటిని కంటికి రెప్పలా కాచింది భార్య. దానికి రిజిస్టరులో గడి లేదు.

ఆయనకవి ఒకటో నంబరు, రెండో నంబరు, మూడో నంబరు. భార్యకు మాత్రం ముసలమ్మ, చాదస్తం, తొందర.

సంఘంవారు పంపిన ఉత్తరంలో ఒక వాక్యం కింద రికార్డుగారు రెండు గీతలు గీశారు. 'కుక్కలను పనిచేసే స్థితిలో చూపవలెను.' పనిచేసే స్థితి అంటే ఏమిటి? పనికి వెళ్లే స్థితి. అంటే స్నానం చేసి, తల దువ్వుకుని, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని. చొక్కా ఒక్కటే కుక్కలకు మినహాయించారు.

అనుకున్నట్టే ఆరింటికి స్నానాలయ్యాయి. భార్య పనిచేసేది రక్తపరీక్షల ల్యాబులో, ఉదయం షిఫ్టు. వెళ్తూ వెళ్తూ ఆవిడ, "ఏమండీ, గడప దగ్గర పడుకున్నది చాదస్తం, పూలకుండీ దగ్గరది తొందర. కలిపెయ్యకండి" అంది.

"పదకొండేళ్లుగా పెంచుతున్నవాణ్ని. నాకా చెప్తున్నావు?" అన్నారు ఆయన.

ఆవిడ అటు వెళ్లిందో లేదో, వీధిలో చెత్తబండి హారను మోగింది. మూడూ లేచి గేటుదాకా పరుగెత్తి, అరిచి, తిరిగొచ్చి తలో మూలా కూలబడ్డాయి. ముసలమ్మకేం ఇబ్బంది లేదు, నడకే చెప్తుంది. తక్కిన రెంటినీ రికార్డుగారు వంగి వంగి చూశారు. రెండు తడి జుట్టుకుప్పలు. ఒకే ఎత్తు, ఒకే రంగు. రెండో నంబరు రిబ్బను పట్టుకుని ఆయన వాటిమధ్య కాసేపు అటూ ఇటూ తిరిగారు. భార్యకు ఫోను చేద్దామని తీశారు, మళ్లీ జేబులో పెట్టేశారు. ఆ ఫోను చేస్తే ఇక ఈ జన్మకు ఆ ఇంట్లో తలెత్తుకోవడం ఉండదు.

సరిగ్గా అప్పుడే బావమరిది వచ్చాడు. సెలూను నడిపే మనిషి, పరిశీలన వేళ తీసే ఫొటో కోసం బావగారి మీసానికి రంగు వేయడానికి పెట్టె పట్టుకుని వచ్చాడు. సంగతి విని నవ్వు బిగబట్టుకుని, రిజిస్టరులో గుర్తులేమైనా ఉన్నాయా అని అడిగాడు. లేకేం? గుర్తింపు చిహ్నాల గడిలో ముత్యాల్లాంటి అక్షరాలతో రాసి ఉంది. రెండో నంబరు, వెనక ఎడమకాలిపై గాయపు మచ్చ. మూడో నంబరు, వీపుపై నల్లమచ్చ.

"ఇంతేనా? కాలి దగ్గర ఒక్క వేలెడు తీస్తే తేలిపోతుంది" అంటూ బావమరిది ట్రిమ్మరు తీశాడు.

వేలెడు తీశాడు. మచ్చ లేదు. రెండోదానికి తీశాడు. దానికీ లేదు. ఎదిగేకొద్దీ మచ్చ పైకి జరిగి ఉండొచ్చని అతనే అనుమానం చెప్పి, మోకాలి దాకా తీశాడు. ఒక కాలు బోసిగా ఉండి మూడు కాళ్లకు జుట్టుంటే నప్పదని తక్కిన కాళ్లూ తీశాడు. అలా తీస్తుంటే ఒకదానికి వెనక కుడికాలి మీద మచ్చ కనబడింది. "ఇదిగో దొరికింది బావగారూ" అన్నాడు సంబరంగా.

రికార్డుగారు కళ్లజోడు సవరించుకుని చూశారు. "రిజిస్టరులో ఎడమ అని ఉంది. ఇది వేరే మచ్చ."

"మీరు రాసేటప్పుడు ఏమైనా..."

"నేను రాసింది తప్పవ్వదు."

అక్కడితో ఆ దారి మూసుకుపోయింది. ఇక వీపు. వీపులు తీశాక చూస్తే రెంటికీ ఒకటి కాదు, ఇంకు బుడ్డి ఒలికినట్టు ఒళ్లంతా నల్లమచ్చలే. రికార్డుగారికి తలప్రాణం తోకకొచ్చింది. ముసలమ్మ ఒక్కతీ దుప్పటి కప్పుకున్నట్టుంటే ఏం బాగుంటుందని, వారించేలోగానే బావమరిది దాన్ని కూడా కానిచ్చేశాడు.

అప్పుడు జరిగింది ఆయన అనుకోనిది. ముసలమ్మ లేచి ఒళ్లు విదిలించుకుని, కూనలా పెరడంతా మూడు చుట్లు పరుగెత్తింది. వచ్చి ఆయన మోకాళ్ల మీద ముందుకాళ్లు పెట్టి మొహంలోకి చూసింది. తేనెరంగు కళ్లు, ఒకదానిలో కాస్త పొర. పదకొండేళ్లలో ఆ కళ్లను ఆయన చూడటం అదే మొదటిసారి. ఇంతకాలం ఇది తననిలా చూస్తూనే ఉందా అనిపించింది ఆయనకు. ఎంత అందంగా ఉన్నావే అన్నారు పైకే. ఆ వెంటనే గేటు చప్పుడైంది.

పరిశీలకురాలు పావుగంట ముందే వచ్చేసింది. నెరిసిన జుట్టు, మెడలో కొలతల టేపు, చేతిలో అట్టపలక. ఆవిడ చూపు ముందు పెరటి మధ్యనున్న జుట్టు పోగు మీద పడింది.

"అది నాలుగోదా?" అని అడిగింది.

కాదన్నారు రికార్డుగారు. ఆవిడ బోడికుక్కల దగ్గర మోకాళ్ల మీద కూర్చుంది. వెన్నెముకలు తడిమింది, భుజాలు కొలిచింది, మచ్చలు లెక్కపెట్టింది. అలా పావుగంట గడిచింది. బావమరిది మెల్లిగా గోడవారకు చేరి ట్రిమ్మరును జేబులోకి తోసేశాడు.

"వీటికి జుట్టు ఎవరు తీయించారు?"

ఒక్క వేలు అటు చూపిస్తే చాలు. కానీ తన వాకిట్లో జరిగింది ఇంకొకరి మీదకు తోయడం రికార్డుగారికి రాదు. "నేనే మేడమ్" అన్నారు నిటారుగా నిలబడి. పదకొండేళ్లు మట్టిపాలైనట్టేనని లోపల కన్నీళ్లు దిగమింగుకున్నారు.

పరిశీలకురాలు లేచి నిలబడింది. "ఇన్నేళ్లుగా తిరుగుతున్నాను. ఎక్కడికెళ్లినా దువ్విన జుట్టే చూపిస్తారు. దానికింద ఏ ఎముకుందో ఏ తోలుందో ఎవరికెరుక? వీటి సొంతదేశంలో ఎండలు మొదలవ్వగానే గొర్రెలతో పాటు వీటికీ కత్తిరిస్తారు. అలా ఉన్నప్పుడే కొలుస్తారు. ఈ మచ్చలే వీటి అసలు గుర్తు. పనిచేసే స్థితి అని రాస్తే అర్థం చేసుకున్నది మీరొక్కరే."

రికార్డుగారు కన్ను మూసి తెరిచేంత సేపు తికమకపడ్డారు. అంతే. "నియమంలో స్పష్టంగానే ఉంది కదా మేడమ్, కింద రెండు గీతలు కూడా గీశాను" అన్నారు. గోడవార బావమరిదికి దగ్గు తెర వచ్చింది.

"సరే, ఇందులో కూతురేది, మనవరాలేది?"

రికార్డుగారు కళ్లజోడు తుడుచుకున్నారు. రిజిస్టరు తెరిచారు, మూశారు, మళ్లీ తెరిచారు. ఆవిడ కలం పట్టుకుని ఎదురుచూస్తోంది. అంతలో పరిశీలన కోసమని ల్యాబులో అనుమతి అడిగి వచ్చిన భార్య గేటు తీసుకుని లోపలికొచ్చింది. మూడు బోడికుక్కలను, తమ్ముణ్ని, మొగుణ్ని వరసగా చూసింది. ఆవిడ సంచి కింద పెట్టేలోపే ఒకటి వెళ్లి దాన్ని బోర్లా పడేసింది. ఇంకొకటి తనచుట్టూ తాను మూడుసార్లు తిరిగి, తర్వాత బయల్దేరింది.

"తొందర, నువ్వాగు. రావే చాదస్తం" అంటూ ఆవిడ రెండోదాని వెనక కుడికాలు ఎత్తి మచ్చ చూపించింది. "కూతురిదేనండీ. చిన్నప్పుడు రేకు గీసుకుంది. ఆ రోజు ఈయన దీనికి ఎదురుగా కుర్చీలో కూర్చుని రాసుకున్నారు. ఈయనకు ఎడమ, దానికి కుడి."

ఆఫీసులో పటాలన్నీ గుమస్తా కుర్చీలోంచి ఎలా కనబడితే అలాగే రాస్తారు. ముప్పై ఏళ్ల అలవాటు. కుక్కకు తనదంటూ ఒక ఎడమవైపు ఉంటుందని రికార్డుగారికి తట్టలేదు.

పరిశీలకురాలు అన్నీ సరిచూసుకుని, కిటికీలకు వేలాడుతున్న తడి గోనెపట్టాలను కూడా ఓసారి చూసి, చివరి గడి దగ్గర ఆగింది. స్థాపకుల పేరు అడిగింది. రికార్డుగారి జేబులో పూర్తి పేరు, హోదాతో అచ్చు వేయించిన కార్డు సిద్ధంగా ఉంది. ఆయన చెయ్యి జేబుదాకా వెళ్లింది. గోనెపట్టాల మడతల్లో తడి ఇంకా ఆరలేదు. పొద్దున్నే షిఫ్టుకు పరుగెడుతూ కూడా తడిపి వెళ్లిందన్నమాట.

"మా ఆవిడ పేరు రాయండి మేడమ్. నేను రాసినవాణ్ని, అంతే. నిలబెట్టింది తను" అన్నారు. భార్య బోర్లా పడ్డ సంచి ఎత్తబోయి ఆగింది. ఆయన ఆవిడ పేరును ఒక్కో అక్షరం విడదీసి, తప్పు దొర్లకుండా దగ్గరుండి రాయించారు. ఆ కాసేపూ ఆయన మొహం చూసినవాళ్లెవరైనా ఆ పేరు ఆయనదే అనుకుంటారు.

సాయంత్రం వీధిలోవాళ్లందరూ వచ్చి దేశం పుస్తకంలోకి ఎక్కిన కుక్కలను చూసి ముక్కున వేలేసుకున్నారు. నేల తుడిచే గుడ్డల మాట ఎవరూ ఎత్తలేదు. అంతా వెళ్లాక రికార్డుగారు ఎర్రసిరా కలం తీసి, తన జీవితంలో మొదటి దిద్దుబాటు చేసి, పక్కన పొట్టి సంతకం పెట్టారు. తర్వాత కాసేపు ఆలోచించి, మూడు నంబర్లకూ ఎదురుగా గుర్తింపు చిహ్నాల గడి మొత్తం కొట్టేసి కొత్తగా రాశారు: 'ఇల్లాలిని విచారించవలెను.'