పడమటెండ పెళ్లి

పెళ్లికి ముఖ్యంగా కావలసినవి మూడు: పెళ్లికూతురు, పెళ్లికొడుకు, సాయంత్రపు ఎండ. మొదటి ఇద్దరూ కాస్త ఆలస్యమైనా సర్దుకోవచ్చు. మూడోది ఎవరి కోసమూ ఆగదు.

అందుకే మా అక్క పెళ్లి ఎప్పుడు జరగాలో తేల్చే భారాన్ని పెద్దల నెత్తి మీంచి దించి ఫొటోగ్రాఫర్ నెత్తికెత్తారు. ఆయన తన తరఫున పెళ్లి జరిగే తోటకు ఒక వెలుగు పర్యవేక్షకుడిని నియమించాడు. (ఈ పర్యవేక్షకుడి పని సూర్యుణ్ణి గమనిస్తూ ఉండటం. నల్ల కళ్లద్దాలు పెట్టుకుని గమనించేవాడు.)

తెల్లచొక్కాతో వచ్చిన బాబాయిని చూడగానే పర్యవేక్షకుడి మొహం విప్పారింది. ఆ తెలుపు మీంచి వెలుగు అక్క చెంప మీద పడేలా ఆయన్ని ఓ పక్కన నిలబెట్టాడు.

"కదలకండి సార్. పొట్ట ఇంకాస్త ముందుకి."

"ఇన్నాళ్లకి పనికొచ్చింది" అంది పిన్ని.

తర్వాత ముందు వరసలో కూర్చున్న అమ్మమ్మ దగ్గరికొచ్చాడు. ఈ పెళ్లి కళ్లారా చూడాలని ఆవిడ కొత్తద్దాలు చేయించుకుంది.

"అద్దాలు తీసెయ్యండి మామ్మగారూ, తళుక్కుమంటున్నాయి."

"తీస్తే నాకేం కనబడుతుంది నాయనా?"

"మీకు కనబడక్కర్లేదండీ. మీరు కనబడితే చాలు."

"నా మనవరాలి పెళ్లయ్యా!"

"ఆల్బమ్‌లో చూసుకుందురుగాని."

"గొడవెందుకమ్మా, ఎండ పోతోంది" అంది అమ్మ. అద్దాలు పర్యవేక్షకుడి జేబులోకి వెళ్లాయి.

పెళ్లి సగంలో ఉండగా మబ్బు పట్టింది. పెళ్లి ఆపారు. (ఆ కాసేపూ ఆ ఇద్దరూ ఒకరికొకరు ఏమవుతారో పర్యవేక్షకుడి నిబంధనల్లో లేదు.) అమ్మకు ఏడుపొచ్చింది. "ఇప్పుడే వద్దమ్మా, ఎండ రానివ్వండి" అన్నాడు పర్యవేక్షకుడు. అమ్మ ఆపుకుంది.

"అయిపోయిందా?" అని అమ్మమ్మ నా చెయ్యి పట్టుకుంది.

"మబ్బొచ్చింది అమ్మమ్మా."

"నాకు ఇందాకట్నుంచీ మబ్బేనే."

ఎండ వచ్చింది. అమ్మ ఏడ్చింది. పెళ్లయింది. చప్పట్లు మోగాయి. "దీవించండి మామ్మగారూ, త్వరగా!" అని కేక వినబడింది. అమ్మమ్మ లేచి, ఎదురుగా పూలతో తెల్లగా కనబడిన ఆకారం వైపు చెయ్యెత్తింది.

ఆల్బమ్ వచ్చాక అమ్మమ్మ తిరిగొచ్చిన అద్దాలు తుడుచుకుని పెట్టుకుంది. దీవెనల పేజీ దగ్గర ఆగింది. ఫొటోలో ఆవిడ కళ్లనిండా నీళ్లతో, పూలు చుట్టిన పందిరి గుంజను నిండు నూరేళ్లు చల్లగా ఉండమని దీవిస్తోంది.

గుంజ మీద వెలుగు మాత్రం చక్కగా పడింది.