షమీమ్ నీలం టేపు

పెనుకొండలో ఆ ఉదయం షమీమ్ వేసుకున్న లెక్క సులువైనదే. ఎనిమిదింటి బస్సెక్కితే పదికల్లా ధర్మవరం. అక్కడి కబడ్డీ పోటీల్లో ఆటగాళ్ళ దెబ్బలు చూసే శోభారాణి మేడమ్ దగ్గర రెండు రోజులు పని. ఆ పని మేడమ్‌కు నచ్చితే ఏడాదిపాటు శిక్షణ, ఆపైన స్పోర్ట్స్ ఫిజియోథెరపీలో పీజీ. హిందూపురం ఆసుపత్రిలో ఇంటర్న్‌షిప్ ముగించి, నాలుగున్నరేళ్ళ డిగ్రీ చేతికందుకున్న షమీమ్‌కు ఇంతకన్నా మంచి దారి కనబడలేదు. నొప్పిచోట అంటించే నీలం టేపు ఆరు చుట్టలు సంచిలో సర్దుకుంది.

"నా మోకాలికి వేసి చూడు పాపా, చెయ్యి తిరుగుతాది," అంది అవ్వ ఖాసింబీ.

షమీమ్ వేసింది. అవ్వ పాలకు వెళ్ళి రోజూకన్నా త్వరగా తిరిగొచ్చింది. వెనకాలే ఎదురింటి ఉలిగమ్మ వచ్చింది.

"యాడేసినారు ఖాసింబీ, ఆ పట్టీ?"

"మా పాప డాక్టరయింది. ఊరికే వేస్తాంది."

"డాక్టర్ను కాదవ్వా, ఫిజియోను," అంది షమీమ్. ఉలిగమ్మకు మాత్రం 'ఊరికే' అన్న మాటే వినపడింది. ఆమె నోట అది ఉచిత క్యాంపు అయింది. బస్టాండు చేరేసరికి సర్కారు క్యాంపు అయింది. ఏడున్నరకు ఇంటిముందు రెండు ఆటోలు ఆగాయి. ఒకాయన మెడ చూపించాడు. ఒకామె పంటినొప్పికి దవడ చూపించింది. కాదంటే, "మాకే లేదా?" అని చిన్నబుచ్చుకుంటున్నారు. అందరికీ తలా కాస్త టేపు అంటించక తప్పలేదు.

చివరికి గొర్రెలు కాసే సుంకప్ప గొర్రెపిల్లను భుజాన వేసుకొచ్చాడు. "కాలు బెణికిందమ్మా."

"నేను ఆటలాడేవాళ్ళకు చదివినా, మామా."

"ఇది పొద్దస్తమానం ఎగరతానే ఉంటాది గదమ్మా."

చివరి టేపు ముక్క గొర్రెపిల్ల కాలికి పోయింది. బస్సూ పోయింది.

షమీమ్ మైదానంలో అడుగుపెట్టేసరికి పదకొండు దాటింది. అప్పుడే కూతకు వెళ్ళిన మంజు అనే కుర్రాడు చీలమండ మడతపడి కూలబడ్డాడు. వెళ్ళి చూడమని శోభారాణి మేడమ్ షమీమ్‌కు సైగ చేసింది.

"టేపేసి పంపు, ఇంకా ఆరు నిమిషాల ఆటుండాది," అన్నాడు కోచ్ సురేంద్ర.

సంచిలో టేపు లేదన్న మాట చెప్పే ధైర్యం లేక, షమీమ్ మంజు పాదాన్ని ఒళ్ళో పెట్టుకుంది. చీలమండ వెనక ఎముక వెంబడి వేలితో మెల్లగా నొక్కుతూ పోయింది. ఒకచోట అతని పళ్ళు బిగుసుకున్నాయి. లేపి నిలబెట్టి నాలుగడుగులు వెయ్యమంది. రెండు వేసి ఆగిపోయాడు.

"ఆడకూడదు సార్. ఎక్స్‌రే తీపియ్యాల."

సురేంద్ర ఆమె సంచి లాక్కుని తలకిందులు చేశాడు. టిఫిన్ డబ్బా పడింది. "టేపు లేని ఫిజియో యాడన్నా ఉంటాదా?"

షమీమ్ తలొంచుకుని, గొర్రెపిల్లతో సహా జరిగిందంతా మేడమ్‌కు చెప్పేసింది. ఇక తిరుగు బస్సే అనుకుంది.

శోభారాణి నవ్వలేదు. మంజును ఆసుపత్రికి పంపించి, "నా పెట్టెనిండా టేపే ఉండాది," అంది. "నా దగ్గరికి వచ్చినోళ్ళంతా వస్తానే అంటించేస్తారు. నువ్వు ముందు కాలు చూసినావు. ఏడాది ఈడే నేర్చుకో, పీజీ పరీక్షకూ చదువు. రేపు మాత్రం తొందరగా రా."

సాయంత్రం ఎక్స్‌రేలో సన్నని చీలిక కనిపించింది. ఆడి ఉంటే పూర్తిగా విరిగేదనీ, విశ్రాంతి తీసుకుంటే రెండు నెలల్లో మళ్ళీ కూతకు వెళ్ళొచ్చనీ ఆసుపత్రివాళ్ళు చెప్పారు. సురేంద్ర ఆ ఫిల్మ్‌ను రెండుసార్లు చూశాడు. తర్వాత షమీమ్ పక్కకు కుర్చీ లాక్కుని, తన నడుము నొప్పి గురించి అరగంట చెప్పాడు.